పాత మజిల్ కారూ, కొత్త స్పోర్ట్స్ కారూ

మామూలు సంసారి కొనుక్కునే రెండు తలుపుల కారులో, పెద్ద కార్లకి వాడే ఎనిమిది సిలిండర్ల ఇంజను దింపితే వచ్చేదే మజిల్ కారు. అమెరికాలో ఈ ఒరవడి పెట్టింది 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ. అని చెప్పుకుంటారు. 389 ఘనపు అంగుళాల (సుమారు 6.4 లీటర్ల) ఇంజను అది. ఆ సైజు కారుకి అంత పెద్ద ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ వారి నియమం. అప్పటి పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్ బృందం దాన్ని కొత్త మోడలుగా కాక 'ఆప్షన్'గా చూపించి నియమాన్ని తప్పించుకున్నారు. కుర్రకారు ఎగబడి కొన్నారు.

నేను మన కళాశాలలో మెకానికల్ చదివి డెట్రాయిట్ ప్రాంతంలో స్థిరపడ్డవాణ్ణి. మా గరాజులో 1966 జి.టి.ఓ. ఒకటి, 2020 కార్వెట్ ఒకటి ఉన్నాయి. (మూడోది, మా ఆవిడ నడిపేది, రోజూ పనికొచ్చేది.) "రెంటిలో ఏది గొప్పదండీ?" అని ఇండియా నుంచి వచ్చిన ప్రతి మిత్రుడూ అడుగుతాడు. వేగం సంగతైతే అడగనే అక్కర్లేదు. కార్వెట్ తగిన సరంజామాతో గంటకి 60 మైళ్ళ వేగం మూడు సెకన్లలోపే అందుకుంటుందని కంపెనీ వారి లెక్క. జి.టి.ఓ.కి అందులో రెట్టింపు పైమాటే. కాగితం మీద 335 గుర్రాలున్నా, అవి పాతకాలపు 'గ్రాస్' గుర్రాలు: ఇంజనుని బల్ల మీద ఒంటరిగా నిలబెట్టి, సైలెన్సర్ వగైరా తగిలించకుండా కొలిచినవి. 1972 మోడళ్ళ నుంచి అన్నీ తగిలించి కొలిచే 'నెట్' లెక్క వచ్చింది. అంచేత ఆ అంకెనీ కార్వెట్ వారి 490నీ పక్కపక్కన పెట్టి పోల్చటం పొరపాటు.

అసలు తేడా పానా పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. జి.టి.ఓ. బానెట్ ఎత్తితే అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, అందులో పాయింట్లు. ఫీలర్ గేజీతో సందు సరిచేస్తే నిమిషంలో ఇంజను గొంతు మారుతుంది. మన వర్క్‌షాపులో నేర్చుకున్నదంతా ఇక్కడ పనికొస్తుంది. కార్వెట్‌లో ఇంజను సీటు వెనక, కవర్ల కింద ఉంటుంది. ఏ రోగమొచ్చినా ముందు కంప్యూటర్ని అడగాలి. బాగా నడుస్తుంది, కాదనను. కాని దాన్ని నేను వాడుకుంటున్నానే తప్ప నాకు తెలిసిందని చెప్పలేను.

అలాగని పాతదాన్ని పోషించడం తేలిక కాదు. ఆ రోజుల్లో పెట్రోలులోని సీసం ఎగ్జాస్ట్ వాల్వుల సీట్లని కాపాడేది. అమెరికాలో రోడ్డు వాహనాలకి సీసపు పెట్రోలు 1996తో పూర్తిగా పోయింది. కనక గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం మంచిది. నేటి పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. క్యామ్ షాఫ్ట్ అరగకుండా జింకు ఎక్కువున్న ఆయిలు వెతుక్కోవాలి. శీతాకాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు సోకితే ఇనుము తుప్పే. ఇవన్నీ డబ్బుతో, ఓపికతో తీరేవి.

తీరనిది బ్రేకుల సంగతి. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. గట్టిగా తొక్కితే మొదటిసారి ఆగుతుంది. వెంటవెంటనే నాలుగైదుసార్లు తొక్కితే డ్రమ్ము వేడెక్కి, లైనింగు పట్టు సడలి, పెడలు కింద ఏమీ లేనట్టుంటుంది. అంతకన్నా భయంకరం, నాలుగింటికీ కలిపి ఒకటే ద్రవపు మార్గం. ఎక్కడ గొట్టం పగిలినా నాలుగూ పోతాయి. రెండు విడి మార్గాలు వచ్చింది 1967 మోడళ్ళలో. గుద్దుకుంటే ముడుచుకునే స్టీరింగు కాండమూ ఆ ఏడే. మా కారులో ఉన్నది డ్రైవరు ఛాతీకి గురిపెట్టిన ఉక్కు కడ్డీ. బెల్టు నడుముకే.

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. కార్వెట్ కాదు, జి.టి.ఓ. నేర్పమంది. చిక్కెక్కడొచ్చిందంటే, పాత కారు విలువంతా అసలుతనంలో ఉంది. ఇంజను మీది నంబర్లు, విడిభాగాలు, అన్నీ ఫ్యాక్టరీవే అయితే ధర; మార్చిన కొద్దీ తగ్గుతుంది. క్లబ్బులోని పెద్దలు "ముట్టుకోకయ్యా" అన్నారు. ఇంజనీరు చదువు చదివి, తప్పని తెలిసిన బ్రేకుని అసలుదన్న గౌరవంతో ఉంచడం నాకు నచ్చలేదు. రెండు మార్గాల మాస్టర్ సిలిండర్ వేశాను, ముందు డిస్క్ బ్రేకులు పెట్టాను, భుజం బెల్టులు బిగించాను. స్టీరింగు కాండం ఇంకా మిగిలే ఉంది. ఈ శీతాకాలం పని అదే.

తీసిన అసలు భాగాలన్నీ నూనె పూసి, గుడ్డలో చుట్టి, చీటీలు అతికించి అటక మీద పెట్టాను. ఎప్పుడైనా కొనేవాడు వచ్చి అడిగితే ఆ పెట్టె కూడా ఇస్తాను. బిగించుకోవడం మాత్రం అతని ఇష్టం.