ఇంట్లో రైలు నడవాలంటే ఇల్లాలు పచ్చజెండా ఊపాలి

పుణె: కొత్త రైలుమార్గం వేయదలచిన ప్రభుత్వం ముందుగా చేయవలసిన పని భూసేకరణ. దారి ఇవ్వవలసినవారు అంగీకరించనిదే పట్టాలు పడవు. పట్టాలు పడనిదే ఇంజను కదలదు. ఇంటి లోపల బల్లమీద తిరిగే బుల్లి రైలుకు సైతం ఈ నియమమే వర్తిస్తుంది. కాకపోతే ఇక్కడ దారి ఇవ్వవలసినది రైతు కాదు, ఇల్లాలు.

పుణెలో కర్వే రోడ్డు సమీపాన గల జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియంకు వచ్చే పిల్లలకు ఈ సంగతి తట్టకపోవచ్చు. నమూనా రైళ్లపై మక్కువ పెంచుకున్న భావుసాహెబ్ జోషీ కృషి ఫలితంగా 1998 ఏప్రిల్ 1న ఈ ప్రదర్శనశాల ప్రారంభమయింది. ఒకే వేదికపై నిర్మించిన చిట్టి నగరంలో ఆవిరి ఇంజన్లు మొదలు ఆధునిక రైళ్ల వరకు పరుగులు తీస్తాయి. సిగ్నళ్లు రంగులు మారతాయి, వీధి దీపాలు వెలుగుతాయి. చూసేవారికి ఇది వినోదం. కాని ఇటువంటి రైళ్లను ఇంట్లో పెట్టుకున్న ప్రతి కుటుంబంలోనూ ఆ వినోదానికి ముందు మూడు ప్రశ్నలు తలెత్తుతాయి. గది ఎవరిది? డబ్బు ఎవరిది? ఆదివారం ఎవరిది?

దస్తావేజుపై సంతకం

ఈ ప్రశ్నలకు చరిత్రలో లభించిన సమాధానాలలో ప్రసిద్ధమైనది అమెరికా చలనచిత్ర నిర్మాత వాల్ట్ డిస్నీ ఇంటికి సంబంధించినది. 1947 డిసెంబరులో ఆయన తన కోసం ఒక విద్యుత్ రైలు బొమ్మ కొనుక్కుని, కార్యాలయానికి ఆనుకుని ఉన్న గదిలో అమర్చుకున్నారు. అంతటితో తృప్తి చెందలేదు. లాస్ ఏంజిలిస్ నగరంలోని కారల్‌వుడ్ డ్రైవ్‌లో కొత్త ఇల్లు కట్టుకుంటూ, పెరట్లో మనుషులు కూర్చుని ప్రయాణించగల ఆవిరి రైలు నడపాలని సంకల్పించారు. అసలు రైలులో ఎనిమిదో వంతు పరిమాణం, సుమారు అర మైలు పొడవు పట్టాలు ఆ పథకంలోని ప్రధానాంశాలు.

భార్య లిలియన్‌కు మాత్రం ఆ పెరట్లో పూలతోట కావాలి. తోట మీదుగా రైలు పోవడానికి ఆమె సమ్మతించలేదు. అప్పుడు డిస్నీ చేసిన పని రెండు విధాలుగా గమనార్హం. మొదటిది, పట్టాలు వేయడానికి, రైలు నడపడానికి తనకు హక్కు కల్పిస్తూ న్యాయవాది చేత సాక్షాత్తు ఒక ఒప్పంద పత్రం రాయించి దానిపై భార్య సంతకం తీసుకున్నారు. అందులో పరిహాసం పాలు ఉన్నమాట నిజమే అయినా, ఇంటిస్థలంలో ఆమెకు వాటా ఉన్నదన్న అంగీకారం కూడా అందులో ఉంది. రెండవది, పూలతోట చెదరకుండా దాని అడుగున 90 అడుగుల సొరంగం తవ్వించారు. లోపల ప్రవేశించినవారికి అవతలి కొస కనిపించకుండా ఉండేందుకు దానిని మెలికలుగా కట్టించారు. తిన్నగా తవ్విస్తే ఖర్చు తగ్గుతుందని మేస్త్రీ సూచించగా, అసలు తవ్వించకపోతే ఇంకా తగ్గుతుందని ఆయన బదులిచ్చినట్లు ఒక కథనం ప్రచారంలో ఉంది.

1950లో రైలు కదిలింది. ఇంజనుకు ‘లిల్లీ బెల్’ అని భార్య పేరే పెట్టారు. పేరు పెట్టడం ముఖస్తుతి అనుకున్నప్పటికీ, సొరంగం మాత్రం ముఖస్తుతి కాదు. భార్య కోరికను కాదనకుండా తన కోరిక తీర్చుకునేందుకు భర్త చెల్లించిన మూల్యం అది.

పెరడు లేని కొంపలు

అయితే లిలియన్‌కు ఉన్నపాటి పెరడు మన నగరాలలోని గృహిణులలో ఎందరికి ఉంది? ముంబయి, పుణె వంటి నగరాలలో రెండు గదుల ఫ్లాటులో కాపురం చేసేవారికి నమూనా రైలు అన్నిటికన్నా ముందు స్థల సమస్య.

ఈ సమస్య స్వరూపం తెలియాలంటే కొంత లెక్క అవసరం. ప్రపంచంలో అత్యధిక ప్రచారంలో ఉన్న నమూనా పరిమాణాన్ని ‘హెచ్‌ఓ’ అని వ్యవహరిస్తారు. అసలు రైలు ఎంత ఉంటుందో అందులో 87వ వంతు ఈ నమూనా ఉంటుంది. మన రైల్వేలలో దశాబ్దాల తరబడి పనిచేసిన డబ్ల్యుడిఎం-2 డీజిల్ ఇంజను పొడవు 17 మీటర్ల పైచిలుకు. నమూనాలో అది 20 సెంటీమీటర్లకు దిగుతుంది. పెరంబూరు కర్మాగారంలో తయారయిన పాతతరం బోగీ ఒక్కొక్కటి సుమారు 24 సెంటీమీటర్లు అవుతుంది. చూడటానికి అరచేతిలో పట్టేంత వస్తువే. కాని పది బోగీలు తగిలిస్తే రైలు పొడవు రెండున్నర మీటర్లు దాటుతుంది. 24 బోగీల ఎక్స్‌ప్రెస్‌ను ఉన్నదున్నట్లు నడపాలంటే దాదాపు ఆరు మీటర్లు కావాలి. అనేక ఫ్లాటులలో హాలు పొడవు కూడా అంత ఉండదు.

అదికాక, రైలు గుండ్రంగా తిరగాలంటే మలుపుకు చోటు కావాలి. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక ఒకటి పరిస్తేగాని ఒక మోస్తరు మార్గం ఏర్పడదు. అది ఇంచుమించు ఇద్దరు పడుకునే మంచం ఆక్రమించేంత జాగా. ఆ గదిలో మంచం ఉండాలా, రైలు ఉండాలా అన్నది భర్త ఒక్కడే నిర్ణయించగల విషయం కాదు. అందుకే మంచం కిందికి తోసే చట్రాలు, గోడకు మడిచిపెట్టే పలకలు, పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు మాత్రమే ఉండే ‘ఎన్’ తరహా రైళ్లు వాడుకలోకి వచ్చాయి. వీటిని ఒక విధంగా కాపురాలు నిలుపుకునేందుకు చేసిన సర్దుబాట్లుగా కూడా చెప్పుకోవచ్చు.

దుమ్ము మరొక తగాదా. ఈ రైళ్లలో అధిక భాగానికి విద్యుత్తు పట్టాల ద్వారానే అందుతుంది. పట్టాపై సన్నని ధూళి పొర చేరినా ఇంజను కుంటుతుంది. కిటికీలు తెరిస్తే రైలు ఆగుతుంది, మూసివేస్తే ఇంట్లో ఉక్కపోస్తుంది. వర్షాకాలపు తేమ సంగతి సరేసరి. ఫలితంగా వంటింటి బట్టతో పట్టాలు తుడిచిన నేరానికి ఎందరు భర్తలు మందలింపులకు గురయ్యారో లెక్క లేదు.

ఇటువంటి చిక్కులేవీ లేనివారు మహారాజులే. గ్వాలియర్‌లోని జయవిలాస్ భవనంలో సింధియాల భోజనపు బల్లపై వెండి రైలు ఒకటి పట్టాలమీద తిరుగుతూ అతిథులకు మద్యపానీయాలు, చుట్టలు అందించేది. సీసాను పైకి ఎత్తగానే రైలు ఆగే ఏర్పాటు అందులో ఉంది. సందర్శకులకు నేటికీ అక్కడ అది ప్రధాన ఆకర్షణ. అంత పొడవైన బల్ల ఉన్న ఇంటిలో స్థలం కోసం ఎవరూ ఎవరినీ ప్రాధేయపడవలసిన పని ఉండదు.

చెప్పని ఖరీదు

స్థలం కంటికి కనిపిస్తుంది. డబ్బు కనిపించదు. అసలు తగవు అక్కడనే ఉన్నది.

నమూనా రైళ్ల పరిశ్రమకు పుట్టిల్లు ఐరోపా. జర్మనీకి చెందిన మార్‌క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలును పట్టాలతో సహా ప్రవేశపెట్టింది. బ్రిటన్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన తొలి రైలును విపణిలోకి తెచ్చారు. నేటికీ నాణ్యమైన ఇంజన్ల కోసం మన అభిరుచిపరులు అధికంగా దిగుమతులపైనే ఆధారపడుతున్నారు.

దిగుమతుల వర్గీకరణలో ఈ నమూనాలు బొమ్మల పద్దు కిందికే వస్తాయి. దేశీయ బొమ్మల తయారీదారులకు రక్షణ కల్పించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2020 బడ్జెట్‌లో బొమ్మలపై కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి పెంచింది. 2023 బడ్జెట్‌లో అది 70 శాతానికి చేరింది. ఆ రేటు ప్రకారం పదివేల రూపాయల విలువగల ఇంజనుపై సుంకమే ఏడువేలు. ఇతర పన్నులు, రవాణా ఖర్చులు దీనికి అదనం. పసిపిల్లల ఆటవస్తువులను దృష్టిలో ఉంచుకుని తీసుకున్న ఈ నిర్ణయం నెరసిన తలల ఆటవస్తువులకు కూడా వర్తించింది.

ఇంతచేసీ మన రైలు మనకు అచ్చంగా దొరకదు. హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఐరోపా, అమెరికాలలోని 1,435 మిల్లీమీటర్ల గేజికి అది సరిగ్గా 87వ వంతు. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మనకు 19 మిల్లీమీటర్ల పైచిలుకు పట్టాలు కావాలి. విదేశీ పట్టాలపై మన ఇంజను నమూనా నడిస్తే చక్రాలు లోపలికి ముడుచుకున్నట్లు కనిపిస్తాయి. ఆ వెలితి భరించలేనివారు చక్రాలు, పట్టాలు సొంతంగా తయారు చేసుకోవడానికి పూనుకుంటారు. దానితో డబ్బుతోపాటు సాయంత్రాలు కూడా ఖర్చవుతాయి.

ఈ లెక్కలన్నీ ఇంట్లో చెప్పేవారు తక్కువ. అభిరుచిపరుల మధ్య దేశదేశాలా ఒక హాస్యోక్తి వినిపిస్తుంది. ‘నేను పోయిన తరువాత, నేను చెప్పిన ధరకే నా భార్య ఈ రైళ్లను అమ్మివేస్తుందేమోనన్నదే నా భయం’ అన్నది దాని సారాంశం. నవ్వు తెప్పించే మాటే. కాని అందులో నవ్వుకు మించిన సంగతి ఉంది. ఖరీదు దాచిన భర్త తాను మోసగించినది ఎవరినో గుర్తించడు. అతడి అనంతరం అటక నిండా పెట్టెలతో మిగిలిపోయేది ఆమే. ఏ ఇంజను విలువ ఎంతో, దానిని ఎవరు కొంటారో, విరిగినది ఏదో, అరుదైనది ఏదో ఆమెకు తెలియదు. పాతసామాను వర్తకుడు చెప్పిన ధరకు తల ఊపవలసి వస్తుంది. భర్త ముప్పయి ఏళ్ల ఆదివారాలతోపాటు కుటుంబం పొదుపులో కొంత భాగం కూడా ఆ బేరంలో కొట్టుకుపోతుంది.

ఈ అనర్థానికి మందు ఖరీదైనది కాదు. కొన్న తేదీ, ధర, తయారీ సంస్థ, ప్రస్తుత పరిస్థితి తెలిపే ఒక పుస్తకం రాసి ఇంట్లో అందరికీ తెలిసేచోట ఉంచితే చాలు. కాని ఆ పుస్తకం రాయాలంటే ముందుగా నిజం చెప్పాలి.

ఓర్పు వేరు, ఒప్పుదల వేరు

నమూనా రైళ్ల అభిమానులు తమ జీవిత భాగస్వామి ఓర్పును పొగడటం పరిపాటి. రైళ్ల పిచ్చి భార్యది, ఓర్పు భర్తది అయిన ఇళ్లు కూడా లేకపోలేదు. ఈ పొగడ్తను కాస్త విడదీసి చూడవలసి ఉంది. అడగకుండా ఆక్రమించిన గదిని చూసి మౌనం వహించడం ఓర్పు. అడిగిన తరువాత, తనకు కావలసినది తాను నిలుపుకుని దారి ఇవ్వడం ఒప్పుదల. మొదటిదానిలో ఒకరి సంతోషపు బరువు మరొకరు మోస్తారు. రెండవదానిలో ఇద్దరూ మోస్తారు. ఇల్లు ఊడ్చే వేళ బల్ల కింద దూరవలసినది ఎవరు, సెలవుదినాన చుట్టాల ఇంటికి ఒంటరిగా వెళ్లవలసినది ఎవరు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగల ఇంటిలోనే రైలు సుఖంగా నడుస్తుంది.

రైలు ఇల్లు దాటి నలుగురిలోకి వెళ్లడం మరొక మార్గం. పుణెలో జరిగినది అదే. ఒక వ్యక్తి మక్కువతో మొదలైన రైలు ఊరి పిల్లలందరికీ చెందింది. భావుసాహెబ్ జోషీ అనంతరం కుటుంబసభ్యులు దానిని కొనసాగిస్తున్నారు. ఏ అటక మీదనో పెట్టెలలో మూలిగే సామగ్రికి ఇంతకన్నా మంచి గతి ఉండబోదు.

డిస్నీ పెరటి రైలు కూడా చివరకు ఇల్లు దాటింది. 1953లో జరిగిన ఒక ప్రమాదంలో ఇంజను ఆవిరి తగిలి అతిథులతో వచ్చిన ఒక బాలిక గాయపడింది. దానితో ఆయన రైలును ఆపివేసి ఇంజనును భద్రపరిచారు. 1955 జూలై 17న ప్రారంభమైన డిస్నీలాండ్ చుట్టూ అంతకన్నా పెద్ద రైలు తిరగసాగింది. ఆయన 1966లో కన్నుమూశారు. ఆ తరువాత 1970 దశకంలో డిస్నీలాండ్ రైలులోని ఒక బోగీని ప్రత్యేకంగా అలంకరించి ‘లిల్లీ బెల్’ అని పేరు పెట్టారు. లిలియన్ 1997 వరకు జీవించారు.

పెరటి పట్టాలు మిగలలేదు. ఆ సంతకం కథ మాత్రం మిగిలింది.