ఇన్వర్టర్ బ్యాటరీ: ప్లస్, మైనస్ తారుమారైతే ఏమవుతుంది? ఫ్యూజ్ ఉన్నా బోర్డు ఎందుకు కాలిపోతుంది?

కరెంటు పోయినా ఫ్యాను ఆగకూడదని చాలామంది ఇంట్లో ఇన్వర్టర్ పెట్టుకుంటారు. కొన్నేళ్లకోసారి బ్యాటరీ మార్చక తప్పదు. పొరపాటు జరిగేది సరిగ్గా ఆ రోజే! ఎర్ర వైరు మైనస్‌కి, నల్ల వైరు ప్లస్‌కి తగిలిందంటే.. టప్‌మని నిప్పురవ్వలు, ఆ వెంటనే కాలిన వాసన. 'ఫ్యూజ్ ఉందిగా, ఏం కాదులే' అనుకుంటే కష్టమే. ఒక్కోసారి ఫ్యూజ్ కంటే ముందే బోర్డు పోతుంది. ఎందుకలా?

లోపల జరిగేది ఇదీ..

బ్యాటరీలోని డీసీ కరెంటును ఏసీగా మార్చే పని మాస్‌ఫెట్‌లది. ఇవి చాలా వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. ప్రతి పవర్ మాస్‌ఫెట్ తయారీలోనే దాని లోపల ఒక డయోడ్ కూడా ఏర్పడుతుంది. బ్యాటరీ సరిగ్గా కనెక్ట్ అయి ఉంటే ఆ డయోడ్ కరెంటును అడ్డుకుంటుంది. ప్లస్, మైనస్ మారితే మాత్రం అదే డయోడ్ కరెంటుకు దారి వదిలేస్తుంది. ఇన్వర్టర్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే! అంటే దాదాపు షార్ట్ సర్క్యూట్ అయినట్టే.

ఇళ్లలో వాడే 150 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్లకు పైగా కరెంటు ఇవ్వగలదు. ఫ్యూజ్ వేడెక్కి కరగడానికి కొంత టైమ్ పడుతుంది. అది మిల్లీ సెకన్లే కావచ్చు. కానీ ఆలోపే మాస్‌ఫెట్‌లోని చిన్న సిలికాన్ ముక్క మాడిపోవచ్చు. బోర్డు మీద ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు కూడా ప్లస్, మైనస్ ఉంటాయి. ఉల్టా వోల్టేజీ పడితే లోపల గ్యాస్ పుట్టి, ఉబ్బి పగిలిపోతాయి.

మధ్యలో ఒక డయోడ్ పెడితే చాలదా?

బొమ్మ కారు లాంటి వాటికైతే చాలు. ఇన్వర్టర్ లెక్క వేరు. 12 వోల్టుల బ్యాటరీ మీద 1000 వాట్ల లోడ్ నడిస్తే 80 ఆంపియర్లు దాటుతుంది. నష్టాలు కూడా కలిపితే 100కి దగ్గర. మామూలు డయోడ్ దగ్గర సుమారు 0.7 వోల్టు పోతుంది. అంటే 70 వాట్లు ఉత్త వేడిగా వృథా! పాత సీలింగ్ ఫ్యాను ఒకటి తిరిగేంత పవర్ అది. ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటరీ ఛార్జింగ్ కూడా అవే వైర్ల నుంచే జరుగుతుంది. డయోడ్ వన్‌వే రోడ్డు లాంటిది కాబట్టి ఛార్జింగ్ ఆగిపోతుంది.

మరి పరిష్కారం ఏంటి?

మాస్‌ఫెట్‌నే కాపలా పెట్టడం: దీన్ని బ్యాటరీ దారిలో తిప్పి అమరుస్తారు. ప్లస్, మైనస్ సరిగ్గా ఉంటేనే ఆన్ అవుతుంది. అప్పుడు కరెంటు రెండు వైపులా వెళ్తుంది కాబట్టి ఛార్జింగ్‌కూ ఇబ్బంది లేదు. దాని నిరోధం 1 మిల్లీ ఓమ్ అయితే 100 ఆంపియర్ల దగ్గర నష్టం 10 వాట్లే.

కాంటాక్టర్: ఇది పెద్ద రిలే. దాని కాయిల్‌కు ఒక చిన్న డయోడ్ పెడతారు. బ్యాటరీ ఉల్టాగా ఉంటే కాయిల్‌కు కరెంటు అందదు, కాంటాక్టర్ మూసుకోదు.

ఫ్యూజ్‌తో పాటు పెద్ద డయోడ్: ఉల్టా కరెంటును ఈ డయోడ్ తనవైపు మళ్లించుకుంటుంది, ఆలోపు ఫ్యూజ్ కాలిపోతుంది. బోర్డు బతుకుతుంది.

వీటికి ఖర్చవుతుంది. అందుకే అన్ని మోడళ్లలో ఉండవు. కొనేటప్పుడే 'రివర్స్ పోలారిటీ ప్రొటెక్షన్' ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకోవాలి.

వైరు తగిలించే ముందు..

* ఇన్వర్టర్ ఆఫ్ చేసి, మెయిన్స్ ప్లగ్ తీయాలి. చేతికి ఉంగరం, వాచ్ ఉంటే తీసేయాలి.
* పాత బ్యాటరీకి ఎడమవైపు ప్లస్ ఉందని కొత్తదానికీ అటే ఉంటుందనుకోవద్దు. టెర్మినల్ పక్కనున్న గుర్తు చూడాలి.
* మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్‌ను ప్లస్ అనుకున్న టెర్మినల్ మీద, నల్లదాన్ని రెండోదాని మీద పెట్టాలి. రీడింగ్ ముందు మైనస్ గుర్తు వస్తే తారుమారైనట్టే.
* సరిగ్గా కనెక్ట్ చేసినా కెపాసిటర్లు ఛార్జ్ అయ్యేటప్పుడు ఒక చిన్న మెరుపు రావచ్చు. మెరుపు పెద్దదైనా, వాసన వచ్చినా వెంటనే వైరు తీసేయాలి.

ఒకసారి ఉల్టాగా తగిలిందా? వైర్లు సరిచేసి, ఫ్యూజ్ మార్చి ఆన్ చేసేయొద్దు. దెబ్బతిన్న కెపాసిటర్ తర్వాత పేలే ప్రమాదం ఉంది. ముందు టెక్నీషియన్‌తో బోర్డు చెక్ చేయించాలి.