బ్యాటరీ మార్చే ముందు... ఒక్క నిమిషం!

కరెంటు ఇలా పోయిందో లేదో కంప్యూటర్ అలా ఆరిపోతుంది. యూపీఎస్ మాత్రం కుయ్ కుయ్‌మంటూనే ఉంటుంది. 'బ్యాటరీ పోయిందండీ, మార్చేయాల్సిందే' అంటాడు మెకానిక్. వెయ్యి రూపాయలు అటూఇటూగా వదులుతాయి. నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ! ఎందుకంటే తప్పు ప్రతిసారీ బ్యాటరీదే కాదు. డబ్బు తీసే ముందు మనంతట మనమే చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. యూపీఎస్ మూత విప్పాల్సిన పని కూడా లేదు.

లోపల ఏముంది?

ఇళ్లలో ఎక్కువగా వాడేది 600 వీఏ యూపీఎస్. అందులో ముఖ్యమైనవి మూడే. బ్యాటరీని నింపే ఛార్జర్, 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, దానిలోని డీసీ కరెంటును ఏసీగా మార్చే సర్క్యూట్. ఈ మూడింట్లో ఏది మొరాయించినా మనకు కనిపించేది ఒకటే... బ్యాకప్ రాదు. నింద మాత్రం బ్యాటరీ మీద పడుతుంది!

మొదట బయట చూడండి

ఇంట్లో కరెంటు ఉన్నా యూపీఎస్ కూస్తూనే ఉందా? అయితే దానికి కరెంటు అందడం లేదేమో. అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. ప్లగ్గు వదులుగా ఉందేమో గమనించండి. యూపీఎస్ వెనకవైపు ఫ్యూజు గానీ, పైకి పొడుచుకొచ్చే చిన్న బటన్ గానీ ఉంటుంది. ఫ్యూజు పోతే ఛార్జింగ్ ఆగిపోతుంది, బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. అది చెడిపోయినట్టు కాదు, ఆకలితో ఉన్నట్టు! స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. మళ్లీ పోతే లోపల లోపం ఉన్నట్టే. తీగ చుట్టి నడిపించే ప్రయత్నం మాత్రం వద్దు.

రోజూ పడుకునే ముందు గోడ స్విచ్చి ఆపేసే అలవాటు ఉందా? బ్యాటరీ నిండటానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. పగలు రెండు గంటలు పెట్టి బ్యాకప్ రాలేదంటే ఎలా? లో వోల్టేజీ ఉన్న ఇళ్లలోనూ ఇదే ఇబ్బంది. కరెంటు ఉన్నా యూపీఎస్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి మళ్లుతుంది. అది నిండే అవకాశమే ఉండదు.

ఇక బరువు సంగతి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, చాలా మోడళ్లలో సుమారు 360 వాట్లే. లేజర్ ప్రింటర్‌లో కాగితాన్ని వేడిచేసే భాగం ఒక్కటే వందల వాట్లు లాగుతుంది. దాన్నీ యూపీఎస్‌కే తగిలిస్తే కరెంటు పోయిన క్షణంలో మొత్తం చతికిలబడుతుంది. ప్రింటర్‌ని నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి.

బల్బు చెప్పే నిజం

ఇవన్నీ సరిచూశాక యూపీఎస్‌ను పూర్తిగా ఎనిమిది గంటలు ఛార్జ్ చేయండి. కంప్యూటర్ తీసేసి, 60 వాట్ల పాతరకం బల్బు ఉన్న ల్యాంపు తగిలించండి. గోడ స్విచ్చి ఆపి గడియారం చూడండి. 7 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ అయితే సుమారు అరగంట వెలగాలి. అంతసేపు వెలిగితే బ్యాటరీ బాగున్నట్టే. మీరు మోపుతున్న బరువే ఎక్కువ. అయిదారు నిమిషాలకే ఆరితే బ్యాటరీ నీరసించింది, లేదా ఛార్జర్ దాన్ని నింపడం లేదు. పరీక్ష అయ్యాక వెంటనే మళ్లీ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోవద్దు.

మెకానిక్‌ని ఇలా అడగండి

'ఛార్జర్ ఎన్ని వోల్టులు ఇస్తోంది?' ఇదీ అసలు ప్రశ్న. నిండిన బ్యాటరీ మీద అది 13.5 నుంచి 13.8 వోల్టుల దాకా ఉండాలి. తక్కువుంటే కొత్త బ్యాటరీ కూడా నిండదు. మరీ ఎక్కువుంటే వేడెక్కి ఉబ్బిపోతుంది. పాత బ్యాటరీ పొట్ట ఉబ్బి కనిపిస్తే ఛార్జర్ చూపించకుండా కొత్తది వేయించనే వద్దు.

నిండా ఛార్జ్ చేసి బయటికి తీసిన బ్యాటరీ కొన్ని గంటల తర్వాత 12.7 వోల్టులు, ఆపైన చూపిస్తే మంచిదే. అయినా బల్బు పరీక్షే చివరి మాట. పదిన్నర దగ్గరే ఆగిపోతే మాత్రం దానిలోని ఆరు సెల్స్‌లో ఒకటి పోయినట్టే. అప్పుడిక మార్చాల్సిందే.

వేడే శత్రువు

ఇలాంటి బ్యాటరీ ఆయుష్షు మామూలుగా మూడు నుంచి అయిదేళ్లు. అదీ 25 డిగ్రీల లోపు వేడిలో. దాదాపు ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగం తగ్గుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో గాలాడని బల్ల కింద, గోడకు ఆనించి పెడితే రెండేళ్లకే చేతులెత్తేయొచ్చు. చుట్టూ కాస్త ఖాళీ ఉంచండి.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా దుకాణంలో మూలుగుతున్నది కొత్తదనిపించుకోదు. వోల్టులు, ఆంపియర్ అవర్లు, సైజు పాతదానితో సరిపోవాలి. మూత తెరిచే పని తెలిసినవాళ్లకే వదిలేయండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉండొచ్చు.

పాత బ్యాటరీని చెత్తబుట్టలో పడేయకూడదు. అందులో సీసం, ఆమ్లం ఉంటాయి. మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చేయండి. చాలాచోట్ల దాని విలువ బిల్లులో తగ్గిస్తారు కూడా.