ఆభాసశాస్త్రము – హాస్యఖండనము

శాస్త్రమువలెఁ గనఁబడుచుఁ బ్రమాణము లేని వాదమును ఆభాసశాస్త్ర మనవచ్చును. దానిని ఖండించుటకు మార్గములు రెండు. హేతువునందలి దోషమును నేరుగాఁ జూపుట మొదటిది. వాది నియమమునే యంగీకరించి, దానివలన వచ్చు ననిష్టఫలమును జూపుట రెండవది. తార్కికులు దీనిని ప్రసంగ మందురు. ప్రసంగమునకు హాస్యము తోడైనచో నదియే యధిక్షేపము. అనౌచిత్యము హాస్యమునకు విభావమని యభినవగుప్తుని మతము. కావున హేత్వాభాసము నవ్వు పుట్టించుట శాస్త్రసమ్మతమే.

ఒక కల్పితోదాహరణము. గుంటూరు బ్రాడీపేట ఆంగ్లేయప్రభుత్వకాలపుఁ బేరు గలది. అచ్చటి వీధులకు లైనులు, అడ్డరోడ్లు అని సంఖ్యలతోనే వ్యవహారము. ఇప్పు డొక నవీననిరుక్తకారుఁడు బయలుదేఱి, “బ్రధ్నశబ్దము సూర్యవాచకమని యమరము. బ్రధ్నపేటయే బ్రాడీపేట యయ్యెను. కాన నచ్చట సూర్యాలయ ముండెను, లైనులు సూర్యకిరణములు” అనె ననుకొందము. ధకారము డకార మగుట కేది సూత్రము? నకార మేమయ్యెను? శాసన మెచ్చటిది? అని యడుగుట ఋజుమార్గము. అధిక్షేపకుఁ డట్లడుగఁడు. “మేలు! పొరుగుననున్న అరండల్‌పేట అరుణదళపేట కానోపును. సూర్యుని సారథి పక్కపేటలోనే కాఁపుర ముండుట యుక్తము. ఏడు గుఱ్ఱములను గట్టిన శాల యే లైనులోనిదో తేల్చినచో సిద్ధాంతము సంపూర్ణ మగును” అనును. వాదము తన బరువుచేతనే కూలును.

తెలుఁగున నీ మార్గమునకుఁ గందుకూరి వీరేశలింగముపంతులు బలము చేకూర్చెను. 1878లో వివేకవర్ధనియందు వెలువడిన రాజశేఖరచరిత్రమున నొక బైరాగి స్వర్ణవిద్య పేరు చెప్పి రాజశేఖరుని బంగారమును గొని మాయమగును. అందు వంచకుఁ డెంత నిందాపాత్రుఁడో, పరీక్షింపక నమ్మిన గృహస్థుఁడు నంత పరిహాసపాత్రుఁడు.

గురజాడ అప్పారావు కన్యాశుల్కమున (1897, పునారచన 1909) గిరీశము శిష్యునకుఁ బొగాకు మహిమను బద్యముచే బోధించును. గరుత్మంతుఁడు తెచ్చిన యమృతమునుండి యొక చుక్క నేలఁబడి పొగచెట్టయిన దఁట! గుంటూరు సీమలో విరివిగాఁ బండు పొగాకు, మిరప రెండును అమెరికాఖండపు మొక్కలే. 1492 తరువాతనే తక్కిన ప్రపంచమున కవి తెలిసినవి. పోర్చుగీసువారి వర్తకముచే హిందూదేశమునకు వచ్చినవి. అమృతాహరణమునకుఁ బొగాకునకు నీ ముడి పెట్టుటయే నవ్వునకు మూలము.

అయినను నిచ్చటనే యొక యపాయము గలదు. కాలభేద మెఱిఁగినవానికే యా పద్యము పరిహాసము; ఎఱుఁగనివానికిఁ బ్రమాణము. పొగత్రాగువారు దానిని సమర్థనముగాఁ జదువుటయుఁ గలదు. కావున నధిక్షేపము ఋజుఖండనమునకుఁ దోడు కావలెనే గాని దాని స్థానము నాక్రమింపరాదు. బడిలో బాలురు నవ్విన పిమ్మట, ఏల నవ్వవలెనో చెప్పుట పండితుని పని.

రెండవ యపాయము పండితులకే సంబంధించినది. అర్థమును బట్టి, యక్షరసామ్యమాత్రముననైనను నిర్వచింపవచ్చునని యాస్కుఁ డనుమతించెను. ఆ యనుమతిని జాటు చేసికొని గ్రామనామములకుఁ బౌరాణికవ్యుత్పత్తులు చెప్పిన పండితు లెందఱో కలరు. బ్రధ్నపేటను జూచి నవ్వినవాఁడు తన యూరిపేరునకుఁ దాను జెప్పు వ్యుత్పత్తిని నదే ప్రసంగమునకు లోఁబఱుపవలెను. అది నిలిచెనేని శాస్త్రము. నిలువదేని మొదట తానే నవ్వుట మర్యాద.