మిషను బాగవుతుంది, రికార్డు బాగవదు

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

మా తాతయ్య 1976లో ధాన్యం అమ్మిన డబ్బుతో ఒక రికార్డ్ ప్లేయర్ కొన్నాడు. ఆయన పోయాక అది అటకమీద గోనెపట్టా కింద పడివుంది. పోయిన వేసవి సెలవుల్లో దాన్ని కిందికి దించాను. ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి, ఈపాటి మిషను బాగుచెయ్యలేనా అని ధీమా. ఆ ధీమావల్ల జరిగిన నష్టం చివర్లో చెబుతాను. ముందు నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబితే ఇళ్ళల్లో పాత ప్లేయర్లున్న మిత్రులకూ, అధ్యాపకులకూ, పూర్వవిద్యార్థులకూ పనికివస్తాయి.

చివరి మడికి నీళ్ళందకపోతే మా నాన్న కాలవ వెంబడి నడిచిపోతాడు, గండి ఎక్కడ పడిందో చూసుకుంటూ. ప్లేయర్లోనూ రెండు కాలవలున్నాయి. ఒకటి తిరగడానికి: మోటారు, రబ్బరు చక్రం లేక బెల్టు, పైన పళ్ళెం. రెండోది శబ్దానికి: ముల్లు, కార్ట్రిడ్జి, వైర్లు, యాంప్లిఫయరు, స్పీకరు. ఏ కాలవలో తప్పుందో ముందు తేల్చుకుంటే సగం పని అయినట్టే. లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకెయ్యాలి. పీకాక కూడా కండెన్సర్లలో కొంతసేపు ఛార్జి నిలిచి ఉంటుందని మరవకూడదు.

పాట సాగదీసినట్టు వస్తే మొదటి కాలవ చూడాలి. ఎల్.పి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. అంటే మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు. రికార్డు అంచు కింద చిన్న కాగితం ముక్క బయటికి కనబడేలా పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెడితే చాలు. మాది 91 దగ్గర ఆగిపోయింది. రబ్బరు చక్రం జిడ్డెక్కి జారుతోంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేశాను. నూనె రబ్బరుకు తగలనివ్వకూడదు. చుట్టుచుట్టుకీ దడ్ దడ్‌మని చప్పుడొస్తే, ఏళ్ళ తరబడి ఒకేచోట నొక్కుకుపోయి రబ్బరు చదునైందన్నమాట. అప్పుడు చక్రం మార్చవలసిందే.

శబ్దం పీలగా వస్తే ముందు వైర్ల క్లిప్పులకు పట్టిన చిలుము గీకి చూడాలి. అయినా మారకపోతే కార్ట్రిడ్జిని అనుమానించాలి. పాత కార్ట్రిడ్జిలు చాలావాటిలో రోషెల్ లవణపు స్ఫటికం ఉంటుంది. స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో చూపించారు. ప్లేయర్లో ముల్లు చేసే పని అదే. కానీ అది ఉప్పు కదా, తేమకూ వేడికీ పాడవుతుంది. మా డెల్టా గాలి దానికి బద్ధశత్రువు. దానికి మరమ్మత్తు లేదు, సిరామిక్ కార్ట్రిడ్జి పెట్టుకోవాలి.

బుయ్యిమని హమ్ వస్తే సాధారణంగా ఎర్తు వైరు తెగి ఉంటుంది, లేదా పవర్ సప్లయిలో కండెన్సరు ఎండిపోయి ఉంటుంది. టంకం వెయ్యడం రానివాళ్ళు ఇక్కడ రేడియో మెకానిక్కును పిలవడం మేలు.

ఇక ముల్లు దూకడం. నేను తప్పు చేసింది ఇక్కడే. ఘంటసాల గారి భగవద్గీత ఎల్.పి. పెడితే ఒకచోట ముల్లు వెనక్కి దూకి అదే ముక్క మళ్ళీమళ్ళీ పలికింది. చేతిమీద రూపాయి బిళ్ళ పెడితే దూకదని ఎక్కడో విన్నాను. పెట్టాను. దూకలేదు. నాయనమ్మ సంతోషించింది. మూడు రోజులు అలాగే వేశాను. నాలుగోరోజుకు ఆ వైపంతా సర్రుమని గీత. ఇప్పటి రూపాయి బిళ్ళ మూడు నాలుగు గ్రాములుంటుంది. ఇలాంటి చేతులు ముల్లు మీద మోపే బరువు ఐదారు గ్రాములు. ఉన్న బరువును ఒకటిన్నర రెట్లు దాటించానన్నమాట. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి అని ఎన్ని పరీక్షల్లో రాశానో! ఎల్.పి. ముల్లు మొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యోవంతు కూడా ఉండదు.

కాలేజీ తెరిచాక ఆ ముల్లును బోటనీ ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. గుండ్రంగా ఉండవలసిన మొన అరిగి ఉలిలా ఉంది. దానికి బరువు కూడా తోడుచేసి గాడిని నేనే చెక్కేశాను. అసలు దూకడానికి కారణాలు చాలా చిన్నవి. బల్ల ఒకవైపు వాలి ఉంది, చెయ్యి తిరిగే కీలులో పాత గ్రీజు గట్టిపడింది. నీరు పల్లమెరుగునంటారు. పళ్ళెం మీద పళ్ళాలు కొలిచే మట్టం పెట్టి చూసివుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

కాబట్టి పాత ప్లేయర్ దింపితే మొట్టమొదట కొత్త ముల్లు వెయ్యండి. 78 రికార్డుల ముల్లు వేరు, లావుగా ఉంటుంది. దానితో ఎల్.పి. వెయ్యకండి. 78లు లక్కతో చేసినవి కనుక వాటిని స్పిరిట్‌తో తుడవకండి, కరిగిపోతాయి. మొదటి పరీక్షకు పోయినా బాధలేని రికార్డు వాడండి.

ప్లేయర్ ఇప్పుడు బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఫోనులో అవే శ్లోకాలు పెట్టి నాయనమ్మకు వినిపించాను. కాసేపు విని, "బాగానే ఉందిరా. కానీ మీ తాతయ్య వేసుకునేది అది కదా" అంది. నన్ను ఒక్కమాట అనలేదు. ఇప్పటికీ రోజూ పొద్దున ఆ గీతపడ్డ వైపే పెట్టమంటుంది.