3.4 స్వీయ వ్యవస్థీకరణ: విద్యుత్ గ్రిడ్‌లో అనువర్తనం

కేంద్రం నుంచి ఆదేశం లేకుండానే, ప్రతి భాగం తనకు అందిన స్థానిక సమాచారాన్ని బట్టి స్పందించగా మొత్తం వ్యవస్థలో ఒక క్రమం ఏర్పడితే దాన్ని స్వీయ వ్యవస్థీకరణ అంటారు. చీమల బారు ప్రకృతిలోని ఉదాహరణ. ఇంజనీరింగ్‌లో ఈ సూత్రం ఎలా ఉపయోగపడుతుందో ఈ విభాగంలో తెలుసుకుందాం.

3.4.1 పౌనఃపున్యమే సమాచారం

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్ ఉంది. 2014 వరకు ఖమ్మం జిల్లాలో ఉన్న చింతూరు మండలపు అడవుల్లో, దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో 115 మెగావాట్ల యూనిట్లున్నాయి. ఒకటి బొగ్గుతో, మరొకటి నీటితో నడిచినా, ఒకే గ్రిడ్‌కు కలిసి ఉన్నందువల్ల రెండింటి పౌనఃపున్యం ఒక్కటే: సుమారు 50 హెర్ట్జ్‌లు.

ఎక్కడో ఒక పెద్ద యూనిట్ ఆగిపోయిందనుకోండి. వాడకం ఉత్పత్తిని మించుతుంది. గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ కొద్దిగా నెమ్మదిస్తాయి. ఈ సంగతి ఏ యంత్రానికీ ఎవరూ చెప్పనక్కరలేదు. తన ఇరుసు వేగమే దానికి తెలియజేస్తుంది. వెంటనే గవర్నర్ అనే సాధనం ఆవిరి కవాటాన్ని లేదా నీటి ద్వారాన్ని మరికొంత తెరుస్తుంది.

3.4.2 డ్రూప్ నియమం

ప్రతి గవర్నర్ కచ్చితంగా 50 హెర్ట్జ్‌లకే పట్టుబడితే, స్వల్ప కొలత తేడాల వల్ల యంత్రాలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. అందుకే పౌనఃపున్యం తగ్గిన మేరకే ఉత్పత్తి పెంచేలా అమరుస్తారు. దీన్ని డ్రూప్ అంటారు.

ఉదాహరణ: డ్రూప్ 5 శాతం, పౌనఃపున్యంలో తగ్గుదల 0.1 హెర్ట్జ్, అంటే 0.2 శాతం అనుకుందాం. ప్రతి యూనిట్ తన సామర్థ్యంలో 0.2 ÷ 5 = 4 శాతం అదనంగా ఇస్తుంది. పాల్వంచ యూనిట్ వాటా 32 మెగావాట్లు, సీలేరు యూనిట్ వాటా 4.6 మెగావాట్లు. ఎవరూ పంచకుండానే భారం సామర్థ్యాన్ని బట్టి పంపిణీ అయిందని గమనించండి. అయితే అప్పటికే పూర్తి సామర్థ్యంతో నడుస్తున్న యూనిట్ ఏమీ ఇవ్వలేదు. పౌనఃపున్యాన్ని తిరిగి 50కి చేర్చడం లోడ్ డిస్పాచ్ కేంద్రాల పని.

3.4.3 పరిమితి

స్థానికంగా సరైన చర్య మొత్తానికి హాని కూడా చేయవచ్చు. 2012 జూలై 30, 31 తేదీల్లో భారం పెరిగిన బీనా–గ్వాలియర్ లైన్‌ను రిలే విడదీసింది. ఆ భారం ఇతర లైన్లపై పడి, అవీ వరుసగా విడిపోయాయి. మొదటి రోజు ఉత్తర గ్రిడ్, రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలాయి. అప్పటికి దక్షిణ గ్రిడ్ పౌనఃపున్యం వేరు కనుక మనకు ఆ దెబ్బ తగలలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ లైన్‌తో అదీ జాతీయ గ్రిడ్‌లో కలిసింది. నాటి నుంచి సహాయమూ ఉమ్మడే, ప్రమాదమూ ఉమ్మడే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మణుగూరు ప్రాంతంలోని భద్రాద్రి థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ సామర్థ్యం 270 మెగావాట్లు. పై ఉదాహరణలోని పరిస్థితిలో అది అదనంగా ఎంత ఇవ్వాలి?
జవాబు: 10.8 మెగావాట్లు.