నర్సాపురం లేసు అల్లిక

నర్సాపురం లేసు అల్లిక ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురం పట్టణములోను, దాని చుట్టుప్రక్కల గ్రామాలలోను స్త్రీలు నూలు దారముతో చేసే హస్తకళ. వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న కోనసీమ గ్రామాలలో కూడా ఈ పని ఉన్నది. ఇక్కడ తయారయ్యే బల్లగుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు, తెరలు, దుస్తులు విదేశాలకు ఎగుమతి అవుతాయి. ఒక శతాబ్దానికి పైగా విదేశీ వ్యాపారానికి సరుకు అందించిన ఈ శ్రమ, దానిని చేసేవారి ఇళ్ళలో మాత్రం చాలాకాలము "తీరిక వేళల పని" గానే పరిగణింపబడినది.

లేసు అనగా నేమి?

దారములను మెలివేసి, ముడివేసి లేదా ఉచ్చులుగా అల్లి, మధ్య మధ్య ఖాళీలు వచ్చునట్లు తయారుచేసిన జాలీ వంటి అల్లికను లేసు అంటారు. నేసిన బట్టపై దారముతో పూలు కుట్టడము బుటా పని అవుతుంది. లేసులో దారముతోనే పువ్వును, పువ్వు చుట్టూ ఉండే జాలీని కూడా నిర్మిస్తారు.

16వ శతాబ్దములో ఇటలీలోను, నేటి బెల్జియం ప్రాంతమైన ఫ్లాండర్స్‌లోను లేసు పని బాగా అభివృద్ధి చెందినది. ఇందులో ప్రధానముగా రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకే సూది, దారముతో కుట్లపై కుట్లు వేస్తూ పోయేది సూది లేసు. అనేక చిన్న కండెలకు చుట్టిన దారములను దిండుపై గుండుసూదుల చుట్టూ మెలివేస్తూ అల్లేది బాబిన్ లేసు. 19వ శతాబ్దము ఆరంభములో ఇంగ్లండుకు చెందిన జాన్ హీత్‌కోట్ జాలీ బట్టను తయారుచేసే యంత్రమును రూపొందించిన తరువాత లేసు చవకగా దొరకసాగినది, చేతి లేసుకు గిరాకీ తగ్గినది.

నర్సాపురములో చేసేది పై రెండింటికన్న భిన్నమైన మూడవ పద్ధతి. దీనిని క్రోషే లేసు అంటారు. 1840వ దశకములో ఐర్లండులో బంగాళాదుంప పంట నాశనమై ఘోరమైన కరవు వచ్చినపుడు, పేద స్త్రీలకు జీవనోపాధిగా క్రోషే లేసు పని నేర్పించారు. ఇది సూది లేసుకన్న త్వరగా పూర్తవుతుంది, ఖరీదైన పరికరములేవీ అవసరము లేదు.

చరిత్ర

19వ శతాబ్దములో గోదావరి ప్రాంతమునకు వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు ఈ విద్యను ఇక్కడ ప్రవేశపెట్టారు. మొదట పేద క్రైస్తవ కుటుంబాల స్త్రీలు దీనిని నేర్చుకొన్నారు. వారు అల్లిన లేసును మిషనరీలు తమ దేశాలలోని పరిచయస్తులకు పంపి అమ్మించేవారు. 20వ శతాబ్దము ఆరంభమునకు స్థానిక వ్యాపారులు ఎగుమతి చేపట్టారు. క్రమముగా ఈ పని ఇతర కులాలకు, ముఖ్యముగా పొలము పనికి వెళ్ళడము గౌరవము కాదని భావించే కాపు కుటుంబాల స్త్రీలకు విస్తరించినది.

తయారీ విధానము

ఈ పనికి కావలసినవి కొన వద్ద కొక్కెము ఉన్న ఒక చిన్న సూది, నూలు దారము మాత్రమే. దారమునకు ఇచ్చే సంఖ్య పెరిగిన కొద్దీ దారము సన్నబడుతుంది, పని నాజూకుగా వస్తుంది, సమయము కూడా ఎక్కువ పడుతుంది.

ముందుగా దారముతో ఒక ఉచ్చు వేస్తారు. కొక్కెముతో దారమును ఆ ఉచ్చులోనుండి లాగితే మరొక ఉచ్చు ఏర్పడుతుంది. ఇట్లా వరుసగా లాగగా వచ్చేది గొలుసు. ఈ గొలుసును గుండ్రముగా కలిపి, దానిపై పొట్టి కుట్లు, పొడవు కుట్లు మార్చి మార్చి వేయడము వలన రేకులు, ఆకులు, జాలీ ఏర్పడతాయి. స్వెట్టరు అల్లికలో సూదిపై అనేక ఉచ్చులు ఒకేసారి ఉంటాయి. క్రోషేలో సాధారణముగా ఒక కుట్టు పూర్తి అయ్యేసరికి ఒకే ఉచ్చు మిగులుతుంది. అందువలన అల్లికను ఏ దిశకైనా మలుపవచ్చును. అయితే చివరి ఉచ్చును బిగించకుండా దారము లాగితే మొత్తము ఊడిపోతుంది.

పెద్ద బల్లగుడ్డను ఒకే వ్యక్తి మొదటి నుండి చివరి వరకు చేయడము అరుదు. కొందరు పూలు మాత్రమే అల్లుతారు. మరికొందరు వాటిని జతచేసే అతుకు పని చేస్తారు. ఏజెంట్లు దారమును ఇంటికి తెచ్చి ఇచ్చి, పూర్తయిన ముక్కలను తీసుకొని వెళతారు. తరువాత వాటిని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఎగుమతి చేస్తారు. కూలి గంటల లెక్కన కాక ముక్కల లెక్కన చెల్లిస్తారు.

కార్మికుల స్థితిగతులు

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931-2023) 1970వ దశకము చివరలో నర్సాపురము ప్రాంతములో పరిశోధన చేసి, 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే గ్రంథమును వెలువరించినది. ఇంటిపనితో పాటు రోజుకు చాలా గంటలు లేసు అల్లే స్త్రీలకు, పొలములో పనిచేసే కూలి స్త్రీలకన్న చాలా తక్కువ ఆదాయము వచ్చేదని ఆమె తెలిపినది. వీరిని కార్మికులుగా గాక గృహిణులుగా చూడడమే దీనికి ముఖ్య కారణమని ఆమె వాదన. ఎవరి ఇంటిలో వారు పనిచేయుట వలన తోటివారి కూలి ఎంతో తెలియదు, కలిసి బేరమాడే వీలు లేదు. తాము అల్లిన ముక్క ఏ దేశము చేరినదో, ఎంతకు అమ్ముడుపోయినదో కూడా తెలియదు. ఈ గ్రంథము ఇంటి వద్ద చేసే స్త్రీల శ్రమను గురించిన అధ్యయనాలలో ప్రసిద్ధి పొందినది.

ప్రస్తుత పరిస్థితి

చైనాలో తయారయ్యే చవక లేసు వలన నర్సాపురము లేసుకు పోటీ పెరిగినది. కూలి చాలక యువతులు ఇతర పనులవైపు మళ్ళుతున్నారు. శిక్షణ, అమ్మకముల కొరకు నర్సాపురము వద్ద లేసు పార్కును నెలకొల్పారు. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. దీనివలన వేరే ప్రాంతపు సరుకును నర్సాపురము పేరుతో అమ్మకుండా చట్టపరమైన రక్షణ ఏర్పడినది. అయితే ముక్కకు ఇచ్చే కూలిని ఈ గుర్తింపు నిర్ణయించదు. నేర్చుకొన్న విద్యను తమ కుమార్తెలకు నేర్పవలెనో వద్దో లేసు అల్లే స్త్రీలు నిర్ణయించుకొనేది ఎక్కువగా ఆ కూలిని బట్టియే.